జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సలహా: మా అనుభవం

గత నెలలో నా స్నేహితురాలికి తోడుగా మా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లాను. తొమ్మిదేళ్ల వయసులో, 2001లో, తనపై లైంగిక అఘాయిత్యానికి పాల్పడిన బంధువు మీద ఇప్పుడు నష్టపరిహారం దావా వేయవచ్చా అన్నది ఆమె ప్రశ్న. ఆ మాట మరో మనిషితో చెప్పడానికే ఆమెకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అంతకుముందు ఫీజు కట్టి కలిసిన ఒక వకీలు, ఆమె చెప్పేది పూర్తిగా వినకుండానే, "కాలదోషం పట్టిందమ్మా, ఇక మరిచిపోండి" అని ఐదు నిమిషాల్లో పంపించేశారు.

ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి వివరం కనుక్కున్నాకే ఇక్కడికి వచ్చాం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం ఉచితం. మాకు కేటాయించిన మహిళా న్యాయవాది దాదాపు నలభై నిమిషాలు కూర్చున్నారు. ఒక తెల్లకాగితం మీద 2001, 2010, 2013 అని మూడు సంవత్సరాలు రాసి, చివరి దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, మైనరుగా ఉన్నప్పుడు జరిగిన హానికి దావా గడువు పద్దెనిమిదేళ్లు నిండాకే మొదలవుతుందనీ, అక్కడి నుంచి మూడేళ్లకు, అంటే ఇరవై ఒక్క ఏళ్లు నిండేసరికి, ముగిసిపోతుందనీ వివరించారు. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును కోరే అవకాశం అప్పీళ్లకు, దరఖాస్తులకే గానీ దావాలకు వర్తించదట. అవతలి పక్షం అభ్యంతరం చెప్పకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు కొట్టివేయాల్సిందేనట. సమాధానం ఆ వకీలు చెప్పినదే, కానీ కారణం తెలిశాక నా స్నేహితురాలు ఆ కాగితాన్ని అడిగి తీసుకుని, మడతపెట్టి బ్యాగులో పెట్టుకుంది.

ఆ వకీలు అసలు ప్రస్తావించని సంగతి మరొకటి ఉంది. సివిల్ దావా, క్రిమినల్ కేసు వేర్వేరు. మూడేళ్లకు మించి జైలుశిక్ష పడగల నేరాలకు ఫిర్యాదు చేయడానికి కాలపరిమితి లేదు. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి జరిగిన నేరాలకే వర్తిస్తుంది కాబట్టి, ఈమె విషయంలో అప్పటి భారత శిక్షాస్మృతినే చూడాలనీ, శిక్ష పడితే పరిహారం కూడా ఇప్పించమని ఆ కోర్టునే కోరవచ్చనీ న్యాయవాది చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత సాక్ష్యం దొరకడం కష్టమన్న నిజాన్నీ దాచలేదు. ఫిర్యాదు చేయమని గానీ, వద్దని గానీ ఒత్తిడి పెట్టలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నా స్నేహితురాలి అక్క న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ 2019లో తెచ్చిన చట్టం బాధితులకు యాభై ఐదేళ్ల వయసు వరకూ, లేదా జరిగిన హానిని గ్రహించిన నాటి నుంచి ఏడేళ్ల వరకూ దావా వేసే వీలు కల్పించింది. అప్పటికే కాలదోషం పట్టిన వాటికి సైతం ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి రెండేళ్లు తలుపు తెరిచింది. మన దగ్గర, ఇంకా అదే ఇంట్లో, అదే బంధువుల మధ్య, వాళ్ల మీదే ఆధారపడి బతికే ఇరవై ఏళ్ల అమ్మాయి కోర్టుకెక్కాలని చట్టం ఆశించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. అది పార్లమెంటు సరిదిద్దాల్సిన విషయం, ఈ కార్యాలయం చేతిలో లేనిది.

కార్యాలయం సరిదిద్దుకోవాల్సినవీ ఉన్నాయి. ముందు గదిలోని సిబ్బంది పదిమంది ఎదుట "ఏం కేసమ్మా?" అని గట్టిగా అడిగినప్పుడు ఆమె వెనుదిరిగి వెళ్లిపోబోయింది. ఇచ్చిన సలహాను రాతపూర్వకంగా కూడా ఇవ్వలేదు. వెళ్లేవారు విడిగా మాట్లాడాలని, మహిళా న్యాయవాది కావాలని ముందే అడగండి. ఇరవై ఒకటి ఇంకా నిండనివారు ఆలస్యం చేయకుండా, పుట్టిన తేదీకి రుజువుగా పదో తరగతి మెమో వెంటబెట్టుకుని ఈ వారమే వెళ్లండి.