పసుపు కాగితమా, మెంతి మొలకలా?

వేసవి సెలవుల్లో నాలుగైదేళ్ల పిల్లలకి ఇంట్లో సైన్స్ చూపించడానికి కిట్లు కొనక్కర్లేదు, వంటింట్లో ఉన్నవి చాలు. పసుపు కాగితం మీద రంగులు మార్చడమా, మెంతులు మొలకెత్తించడమా అని ఊగిసలాడుతుంటే ఈ రెండిటినీ పోల్చి చూద్దాం.

ఖర్చు: రెండిటికీ చేతి చమురు వదిలేదేం లేదు.

శ్రమ: పసుపు నీళ్లతో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టండి. సబ్బు నీళ్లలో ముంచిన ఇయర్‌బడ్‌తో గీయమంటే గీసినచోటల్లా ఎర్రగా తేలుతుంది, దానిమీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపే. పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు పదార్థానికి సబ్బులో ఉండే క్షారం తగిలితే రంగు మారుతుంది, దిష్టి తీసే ఎర్రనీళ్ల కిటుకు కూడా ఇదే. గంటలో అయిపోతుంది.

మెంతులైతే రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి, రోజూ నీళ్లు చిలకరించాలి. రెండు మూడు రోజుల్లో తెల్లటి మొలక వస్తుంది. పని చిటికెడే, కానీ గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం మీరే (పిల్లలు రెండో రోజుకే మర్చిపోతారు).

రిస్క్: పసుపు బట్టలకి అంటితే ఓ పట్టాన వదలదు, పాత బనీను వేసి బాల్కనీలో కూర్చోబెట్టండి. రంగు బాగా వస్తుందని సున్నం మాత్రం ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం. మొలకలకి నీళ్లు ఎక్కువైతే కంపు కొడతాయి, అంతే.

మధ్యాహ్నం ఎండకి బయటికి పంపలేక, ఇంట్లో గోల భరించలేకపోతుంటే పసుపు కాగితం. వారం పది రోజులు అమ్మమ్మగారి ఊళ్లో ఉంటే మెంతులే నయం, మొలకల్ని మట్టిలో వేస్తే తిరిగొచ్చేలోపు చిట్టి మెంతికూర పప్పులోకి కోసుకోవచ్చు.