బఠాణీ గింజకి సూది గుచ్చినట్టు: నా టెలిస్కోపు సంగతి

2025 సెప్టెంబరులో శని వలయాలు చూద్దామని 130 మి.మీ. అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు ఒకటి తెప్పించాను. పాతిక వేలకి కాస్త తక్కువ పడింది. మాది కోనసీమ. "మందపల్లి వెళ్లి తైలాభిషేకం చేయించి వదిలించుకునే శనిని, డబ్బులిచ్చి మరీ ఇంటికి తెచ్చుకుంటావేంట్రా" అంది అమ్మ.

మొదటి రాత్రే నీరుగారిపోయాను. డబ్బా మీది బొమ్మలో పళ్లెమంత వలయం. డాబా మీద కనపడింది మాత్రం ఓ బఠాణీ గింజ, దానికి అడ్డంగా సన్నటి గీత. లెన్సే లోపమనుకుని తెల్లారగానే రిటర్న్ పెట్టేశాను. మా వీధి చివర ఫిజిక్స్ మాస్టారు చూసి పకపకా నవ్వారు. ఆ ఏడాది మార్చి 23న శని వలయాలు సరిగ్గా అంచు మనవైపు తిప్పాయట, అప్పటికింకా పూర్తిగా విచ్చుకోలేదు. ఈ కొసనుంచి ఆ కొసకి 2,80,000 కి.మీ. ఉన్నా, మందం చాలాచోట్ల పది మీటర్లే. అంటే మామూలు తెల్లకాగితం మందాన మా ఊరి నుంచి పక్కూరి దాకా, దాదాపు మూడు కిలోమీటర్ల పళ్లెం పరిచినట్టు. అంచు నుంచి చూస్తే ఏం కనపడుతుంది? 1612లో గెలీలియోకీ ఇలాగే వలయం మాయమై మతిపోయిందట. నా రిటర్న్ రద్దు.

ఆ గీత కూడా ఒక్క ముక్క కాదు. గట్టి చక్రమైతే నిలవదని 1859లో మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కకట్టి తేల్చాడు. ఇసుక రేణువు నుంచి ఇల్లంత వరకు, ఎక్కువగా మంచుగడ్డలే. దేని దారిన అది తిరుగుతుంది. లోపలివి జోరుగా, బయటివి నెమ్మదిగా. శని అంత దగ్గర్లో ఉండి లాగుతుంటే అవన్నీ కలిసి ఓ చందమామ అవుదామన్నా కుదరదు. ఇది తెలిశాక ఆ గీతనే గంటసేపు చూశాను.

ఇక వస్తువు సంగతి. కింది పీట నున్నగా తిరుగుతుంది, స్టూలు మీద పెట్టుకుంటే చాలు. కన్ను ఆనించి చూసే లెన్సుల్లో (ఐపీస్) 25 మి.మీ.ది బాగుంది, 10 మి.మీ.ది నాసిరకం. బొమ్మని ఇంకా పెద్దది చేసే బార్లో లెన్స్ విడిగా కొని 130 రెట్లకి వెళ్లాను. ఆపైన అంతా ముద్దే, డబ్బా మీద ఎంత రాసినా సరే. గురి చూసుకునే ఎర్ర చుక్క ఫైండర్ రోజూ పక్కకి జరుగుతుంది, రోజూ నా తిట్లు తింటుంది. ఎండకి కాలిన శ్లాబు చల్లారకముందు చూస్తే బొమ్మ నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. తొమ్మిది దాటాక, టెలిస్కోపుని అరగంట ముందే బయట పెట్టి చూడండి.

గురుడికీ వలయం ఉంది కదా అని ఆశపడొద్దు. అది ఉత్త ధూళి, 1979లో వాయేజర్-1 అంతరిక్ష నౌక అక్కడిదాకా వెళ్తేగానీ బయటపడలేదు. గురుడి నాలుగు చందమామలు మాత్రం ముచ్చటగా కనపడతాయి. బొమ్మలో ఉన్న శనే కావాలంటే ఓపిక పట్టాలి. ఏటికేడూ వలయం విచ్చుకుంటూ 2032 నాటికి నిండుగా కనపడుతుంది.

ఐదుకి నాలుగు నక్షత్రాలు. ఒకటి కోసింది ఫైండర్‌కి, శనికి కాదు.