సాగర్ ఎడమ కాలువ కట్ట మీద సైకిల్ ప్రయాణం: దారి ఉచితం, గది 3,250

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట మీద వేములపల్లి నుంచి హాలియా దాకా సైకిల్ తొక్కినందుకు మా ముగ్గురికీ పైసా ఖర్చు కాలేదు. సాగర్‌లో ఒక్క రాత్రి నడుము వాల్చినందుకు మాత్రం 3,250 రూపాయలు వదిలాయి. ఆ దారిని మెచ్చుకోవడం ఎంత అవసరమో, ఆ బస సంగతి వెళ్లబోయేవారి చెవిన వేయడం అంతకన్నా ఎక్కువ అవసరమనిపించి ఇది రాస్తున్నాను.

వెళ్లినవాళ్లం నేను, హెడ్మాస్టరుగా రిటైరైన మా బావ, ఇంజనీరింగ్ చదువుతున్న ఆయన కొడుకు. నాదీ బావదీ మట్టిదారులకు పనికొచ్చే వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిళ్లు. మేనల్లుడిది సన్నటి టైర్లున్న మామూలు హైబ్రిడ్. మిర్యాలగూడలో తెలిసినవారి రైస్‌మిల్లు ఆవరణలో కారు పెట్టుకొని అక్కడి నుంచే తిరిగాము. పానగల్లు ఉదయసముద్రం కట్ట, ఛాయా సోమేశ్వరాలయం, ఆ మర్నాడు మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి ఏ చీకూ చింతా లేకుండా గడిచిపోయాయి. ఆ రాత్రులు మిర్యాలగూడలోనే 1,100 రూపాయల గదిలో ఉన్నాము. అక్కడి కుర్రవాడు మేము అడగకముందే సైకిళ్లను గదిలోకి మోసుకొచ్చి, గోడకు మరక పడకుండా గోనెసంచి అడ్డుపెట్టి వెళ్లాడు.

కాలువ వెంట ఏ వైపు నుంచి ఏ వైపుకు తొక్కాలన్నదాని మీద బావకూ నాకూ ముందే వాదన జరిగింది. నీరు పారే దిశలో, అంటే సాగర్ నుంచి కిందికి వస్తే పల్లం కలిసివస్తుందని ఆయన పట్టు. ఇది నేల వాలును అనుసరించి వంపులు తిరుగుతూ, నీటిని గురుత్వాకర్షణతో మాత్రమే నడిపించే కాలువ కాబట్టి దాని వాలు కాళ్లకు తెలిసేంత ఉండదు. డిసెంబరులో గాలి మాత్రం ఈశాన్యం నుంచి వీస్తుంది. వేములపల్లి నుంచి పడమరకు పోతే అది వీపున తడుతుంది, సాగర్ నుంచి వస్తే ముఖాన కొడుతుంది. మధ్యాహ్నానికల్లా బావే ఈ మాట ఒప్పుకున్నారు. ఒక హెచ్చరిక ఏమిటంటే, రోడ్డు మీది దూరాన్ని చూసి కాలువ దూరాన్ని లెక్క వేయకూడదు. ప్రతి మిట్టనూ చుట్టి పోయే కాలువ కాబట్టి అదనంగా గంటా రెండు గంటలు చేతిలో ఉంచుకోవాలి.

నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే రోడ్డు వేములపల్లి దగ్గర కాలువను దాటుతుంది. అక్కడ కట్ట ఎక్కితే త్రిపురారం, నిడమనూరు మండలాల మీదుగా హాలియా వైపు సాగిపోవచ్చు. మేజర్ల (పెద్ద పిల్లకాలువల) తూముల దగ్గర మొరం బాగా తొక్కి గట్టిగా ఉంటుంది. నల్లమట్టి పోసిన చోట ట్రాక్టరు చక్రాల గాడులు ఎండి రాయిలా మారి చేతులు అదరగొడతాయి. 40 మిల్లీమీటర్ల టైర్లలో 35 పీఎస్ఐ గాలి ఉంచితే ఈ రెంటికీ సరిపోతుంది. అంతకన్నా పెద్ద శత్రువు ముళ్లు. కట్ట పొడవునా సర్కారు తుమ్మ, అది లేని చోట పల్లేరు. మా ఇద్దరి ట్యూబ్‌లెస్ టైర్లలోని సీలెంటు అనే జిగురు ద్రవం ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా బుస్సుమని రంధ్రాన్ని మూసేస్తుంటే, ట్యూబులు వేసుకొచ్చిన మేనల్లుడు మాటిమాటికీ చెట్టు నీడన చక్రం విప్పుకొని కూర్చున్నాడు. వాడి మొహం చూసి బావకు నవ్వు, ఆ నవ్వు చూసి వాడికి కోపం.

నీళ్ల విషయంలో నాది కచ్చితమైన అభిప్రాయం. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్‌తో తరాలుగా బాధపడిన జిల్లా ఇది; పొలాల దగ్గర బోరు నీళ్లు ఎంత తియ్యగా ఉన్నా సీసాల్లో నింపుకోకండి, ఊళ్లలో నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లు అడిగితే ఎవరూ కాదనరు. ఇక కాలువలోకి దిగవద్దు. 11,000 క్యూసెక్కుల ప్రవాహానికి కట్టిన కాలువ, లైనింగు ఏటవాలుగా, పాచి పట్టి ఉంటుంది; నీరు తగ్గించిన రోజుల్లో కూడా జారినవాడు పైకి రావడం కష్టం. ఈత కొడతానన్న మేనల్లుణ్ణి ఇద్దరం కలిసి ఆపాము.

నిడమనూరు దగ్గర కలిసిన లస్కర్, అంటే కాలువను చూసుకునే పనివాడు, మాకు ఆ రోజు దొరికిన గైడు. తూము షట్టరుకు గ్రీజు పెడుతున్న ఆయన మా సైకిళ్లను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "గేర్లు గిన్నున్నయి గని స్టాండు లేదేంది సార్?" అన్నాడు. తర్వాత, "ముంగట గండి పూడ్చిన కాడ మట్టి మెత్తగున్నది, జర దిగి నడువుండ్రి" అని చెప్పాడు. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలోనే ఈ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. వాగు అడ్డొచ్చిన చోట దాన్ని కాలువ అడుగు నుంచి దాటించే సొరంగాన్ని ఇక్కడివాళ్లు యూటీ అంటారు. దాని పక్కల మట్టి కొట్టుకుపోవడం మొదలైతే కట్ట నిలవదని ఆయన చేత్తో చూపించి చెప్పాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి లెక్కేస్తే ఈ కట్ట వయసు తక్కువేమీ కాదు. అయినా సైకిల్ చక్రానికి అది చూపిన మర్యాద ఆ రాత్రి మాకు ఏ మనిషీ చూపలేదు.

కోతల కాలం కాబట్టి కట్ట మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీదుగా తొక్కకండి. దిగి, అంచున నడిపించుకుంటూ పొండి. అలా నడిచిన చోటే మాకు భోజనం దొరికింది. హార్వెస్టర్ నడిపే కుర్రాళ్ల కోసం వండుతున్న ఒకామె మమ్మల్ని ఆగమని, రేకుల షెడ్డులో కూర్చోబెట్టింది. పెద్ద దేవులపల్లి రిజర్వాయరులో ఆ ఉదయం పట్టిన కొర్రమీను పులుసు, పక్కన పచ్చిపులుసు, కొత్త బియ్యం అన్నం కావడంతో మెతుకు మెత్తగా ముద్ద కట్టింది. చేపలో చింతపండు పులుపు కన్నా మెంతి వాసన ముందుకు వచ్చేలా కలిపింది. పత్యం పాటించే మా బావ మూడోసారి అన్నం పెట్టించుకొని, "అక్కా, ఇంకొంచెం పులుసు" అని అడగడం నేను చూశాను. మనిషికి 130 రూపాయలు. రెండోసారి వడ్డించిన చేప ముక్కలకు అదనంగా ఇవ్వబోతే ఆమె నోట్లు వెనక్కి నెట్టి, పోతూ తినమని మేనల్లుడి సంచిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పోసింది.

హాలియా దాటాక పెద్దవూర వైపు నేల ఎగుడుదిగుడవుతుంది, కట్ట మీది దారి అక్కడక్కడా తుమ్మల్లో మాయమవుతుంది. అందువల్ల రోడ్డెక్కడమే మంచిది. ఆదివారమైతే సాగర్ వెళ్లే కార్లు ఒరుసుకుంటూ పోతాయి. ఈ ముక్క గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

ఇక ఆ బస. ముందు రోజు ఫోన్ చేసినప్పుడు ముగ్గురికీ ఒకే గది 1,500 అనీ, 24 గంటల చెక్‌అవుట్ అనీ, సైకిళ్లకు ఇబ్బంది లేదనీ చెప్పారు. చీకటి పడే వేళకు చేరుకున్నాక కౌంటరులోని మనిషి ఫోను మీద నుంచి తల ఎత్తకుండా, ఆదివారం రేటు 2,400 అన్నాడు. అప్పటికి ఆ ఊళ్లో మరోచోట వెతుక్కునే ఓపిక మాకు లేదని మా మట్టి బట్టలు చూస్తేనే అతనికి తెలిసిపోయింది. తర్వాత సైకిళ్లు పైకి తీసుకుపోవద్దు, సెల్లారులో పెట్టాలి, ద్విచక్ర వాహనం రేటు ఒక్కోదానికి 150. ద్విచక్ర వాహనం అంటే మోటారుసైకిలే గదా అని బావ అడిగితే, "రెండు చక్రాలున్నయా లేవా?" అని ఎదురు ప్రశ్న. మూడో మనిషికి పరుపు 250. గీజరు గోడకు ఉంది గాని దానికి తీగ లేదు. వేడినీళ్లు బకెట్టుకు 50 చొప్పున మూడు బకెట్లు కిందినుంచి మోయించుకున్నాము. బిల్లు కావాలంటే జీఎస్టీ వేరే. ముప్పై ఏళ్లకు పైగా హాజరు పట్టీలూ రశీదులూ రాసిన మనిషికి బిల్లు లేకుండా డబ్బు కట్టడమంటే ఎంత కష్టమో! బావ ఒక తెల్ల కాగితం మీద పద్దులన్నీ తానే రాసి, కౌంటరు మనిషి ముందు పెట్టి సంతకం చేయమన్నారు. అతను నవ్వి ఆ కాగితాన్ని టీ కప్పు కింద పెట్టుకున్నాడు.

ఆ నవ్వు బావను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. తెల్లవారి ఎనిమిదింటికే తలుపు కొట్టి గది ఖాళీ చేయమన్నారు; 24 గంటల మాట ఎత్తితే, అది మామూలు రోజుల్లోనట. సెల్లారులోకి వెళ్లి చూస్తే మా సైకిళ్ల మీద ఎవరో జనరేటరు డీజిల్ డబ్బాలు ఆనించి పెట్టారు. 450 రూపాయల పార్కింగు పేరిట జరిగిన రక్షణ అది. మేనల్లుడు చైను తుడుచుకుంటూ చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అలా చెడిన మనసుతోనే సాగర్‌లోని బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం చూశాము. 274 ఎకరాల ఆవరణ, 2022లో తెరిచారు; మహాస్తూపం చుట్టూ నిదానంగా తిరగడానికి ఒక పూట కేటాయించవచ్చు, కాని బావ కళ్లు స్తూపం మీద కన్నా ఆ 3,250 మీదే ఉన్నాయి. నాగార్జునకొండ లాంచీ ఎక్కాలనుకునేవారు శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవని గుర్తుంచుకోవాలి. డ్యాము గేట్లు 26 కూడా మూసి ఉన్నాయి. ఆ కాలంలో తెరుచుకుంటాయన్న ఆశ మాకు ముందే లేదు.

తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాము. మొదట 2,500 అడిగిన డ్రైవరు 1,800కు దిగి, సైకిళ్ల కింద తన దుప్పటి పరిచి, తాళ్లతో బిగించి, మిర్యాలగూడలో రైస్‌మిల్లు గేటు దాకా దింపాడు. ముగ్గురం చక్రాల మధ్య ఇరుక్కొని కూర్చున్నా బావ మొహంలో నవ్వు కనిపించింది అప్పుడే.

కాబట్టి వెళ్లేవారికి నా సలహా ఒకటే. గది సాగర్‌లో తీసుకోకండి, ముఖ్యంగా శని ఆదివారాల్లో. మిర్యాలగూడలో పడుకొని, వెలుగు రాగానే వేములపల్లిలో కట్ట ఎక్కి, మధ్యాహ్నం దాటాక సాగర్ చేరి, ట్రాలీ ముందే మాట్లాడుకొని చీకటి పడేలోపు వెనక్కి రండి. తప్పనిసరిగా అక్కడే ఉండవలసి వస్తే రేటు, పరుపు, వేడినీళ్లు, చెక్‌అవుట్, సైకిళ్ల చోటు ఈ అయిదూ ఫోనులో కాకుండా మెసేజీలో రాయించుకొని, ఆ మెసేజీ చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి.