సరిహద్దు వివాదాలపై ఎనిమిది ఆదివారాల తరగతి: బోర్డు మీద మేలు, నోట్సులో లోటు

నల్లగొండ పట్టణంలోని ఒక కోచింగ్ సెంటర్ సివిల్స్, గ్రూప్-1 అభ్యర్థుల కోసం తెలుగు మాధ్యమంలో నడిపిన అంతర్జాతీయ సంబంధాల తరగతి గురించి ఈ సమీక్ష. ఎనిమిది ఆదివారాలు, ఉదయం పది నుంచి ఒంటి గంట దాకా పాఠం, నూటపన్నెండు పేజీల స్పైరల్ బైండింగ్ నోట్సు, రెండు మాదిరి పరీక్షలు, అన్నింటికీ కలిపి ఫీజు 3,500 రూపాయలు. మా తమ్ముడి కూతురు అందులో చేరింది. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి, ఏ కోచింగ్‌లో చేరమంటారని అడిగే పాత విద్యార్థులకు తెలిసి చెప్పాలన్న ఉద్దేశంతో, నిర్వాహకుల అనుమతి తీసుకుని చివరి బెంచీలో కూర్చుని అన్ని తరగతులూ విన్నాను. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క చోటికే పరిమితమైనవి కావు. అందువల్ల సంస్థ పేరు రాయడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసింది పాఠం చెప్పిన మాస్టారును. మూడవ, నాలుగవ ఆదివారాలు ఇథియోపియా–ఎరిట్రియా సరిహద్దు వివాదానికి కేటాయించారు. ఆయన పుస్తకం తెరవకుండానే ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖ, వాటి ఒడ్డున ఎరిట్రియా, జిబౌటి, సోమాలియా, వెనుక సముద్రతీరం లేని ఇథియోపియా ఉన్న పటాన్ని బోర్డు మీద గీశారు. తరువాత రెండు రంగుల మార్కర్లు తీసుకుని అమెరికా ఎటు ఉన్నదో నీలంతో, సోవియట్ యూనియన్ ఎటు ఉన్నదో ఎరుపుతో పూరించారు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో అప్పట్లో ఇథియోపియాలో కలిసి ఉన్న ఎరిట్రియాలోని అస్మారాలో అమెరికాకు కాగ్న్యూ అనే సమాచార కేంద్రం ఉండేది గనుక ఇథియోపియా నీలం, సియాద్ బర్రే ఏలుతున్న సోమాలియా ఎరుపు. 1974లో చక్రవర్తిని సైన్యం దించివేసింది. 1977లో సోమాలియా ఒగాడెన్ ప్రాంతం మీద దండెత్తే నాటికి రంగులు తారుమారయ్యాయి: సోవియట్ ఆయుధాలు, క్యూబా సైనికులు ఇథియోపియా సైనిక పాలకుడు మెంగిస్తు ప్రభుత్వం పక్షాన వచ్చి నిలిచారు, సోమాలియా మెల్లగా అమెరికా వైపు జరిగింది. ఆయన బోర్డు తుడవకుండా పాత రంగు మీదనే కొత్త రంగు దిద్దడంతో, సరిహద్దు గీత ఒక్క అంగుళం కూడా కదలకుండానే దాని వెనుక నిలబడినవాళ్లు ఎలా మారిపోయారో గదిలోని ప్రతి ఒక్కరికీ అర్థమైంది. నేను ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ప్రచ్ఛన్న యుద్ధాన్ని ఇంత స్పష్టంగా బోర్డు మీద చూపడం నాకు ఇంతవరకు చేతకాలేదు.

నైలు నది పాఠం కూడా అంతే బాగుంది. ఈజిప్టుకు, ఇథియోపియాకు మధ్య ఉన్న వైరం తెలియకుండా ఈ వివాదం అర్థం కాదని చెబుతూ, ఆయన ఆలమట్టి ఎత్తు పెంపు గురించి మక్తల్, గద్వాల నుంచి వచ్చిన పిల్లలను అడిగారు. ఎగువన గేట్లు మూస్తే దిగువన నారుమళ్ల సంగతేమిటో వాళ్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 2011లో మొదలై 2025 సెప్టెంబరులో ప్రారంభమైన, నైలు మీద ఇథియోపియా కట్టిన మహా ఆనకట్ట నిల్వ సామర్థ్యం 7,400 కోట్ల ఘనమీటర్లని నోట్సులో ఉన్నది కానీ, ఘనమీటర్లలో చెబితే మన జిల్లాలవారికి ఆ నీరు కళ్లకు కట్టదు. టీఎంసీల్లోకి మార్చుకుంటే సుమారు 2,600 వస్తుంది. మన నాగార్జునసాగర్ పూర్తి నిల్వ 312 టీఎంసీలు. ఎనిమిది సాగర్‌ల నీరు తమ ఎగువన ఒక్క చోట నిలిచి ఉంటే ఈజిప్టు ఎందుకు కలవరపడుతున్నదో, ఇథియోపియాతో పడని ఎరిట్రియాను, సోమాలియాను ఎందుకు దగ్గరకు తీస్తున్నదో అప్పుడు తెలుస్తుంది. వచ్చే ముద్రణలో ఈ ఒక్క వాక్యమైనా చేర్చాలని కోరాను.

ఇక నోట్సు సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే. 1998 మే నెలలో బద్మె అనే చిన్న ఊరి దగ్గర మొదలై 2000 జూన్ దాకా సాగి, డెబ్బై వేల నుంచి లక్ష మంది దాకా బలి తీసుకున్నదని అంచనా వేస్తున్న యుద్ధానికి నోట్సు ఇచ్చిన వివరణ ఒకటిన్నర పేజీ. అందులో సారాంశం ఇంతే: ఎరిట్రియా దురాక్రమణకు పాల్పడింది, ఇథియోపియా తిప్పికొట్టింది, ఐక్యరాజ్యసమితి శాంతి నెలకొల్పింది. ఎరిట్రియా స్వాతంత్ర్యం 1991 అని ఉన్నది. మెంగిస్తు ప్రభుత్వం కూలి, అస్మారా తిరుగుబాటుదారుల చేతికి వచ్చిన సంవత్సరం అది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగి దేశం ఏర్పడింది 1993లో. ఇది చిన్న పొరపాటే, పెన్నుతో దిద్దుకోవచ్చు.

దిద్దుకోలేనిది మరొకటి ఉన్నది. 2000 డిసెంబరు 12న అల్జీర్స్‌లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం రెండు వేర్వేరు కమిషన్లను ఏర్పరచింది. సరిహద్దు కమిషన్, ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్‌కు, ఎరిట్రియాను ఏలుతున్న ఇటలీకి మధ్య 1900, 1902, 1908 సంవత్సరాల్లో కుదిరిన ఒప్పందాలను ఆధారం చేసుకుని 2002 ఏప్రిల్ 13న హేగ్‌లో తీర్పు ఇచ్చింది. ఆ గీత ప్రకారం బద్మె ఎరిట్రియాకే చెందుతుంది. ఆ తీర్పే అంతిమమని, ఉభయులూ కట్టుబడి ఉండాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. రెండవదైన నష్టపరిహారాల కమిషన్ 2005 డిసెంబరులో, 1998 మేలో బద్మె మీదికి సేనలను పంపి ముందుగా బలప్రయోగం చేసింది ఎరిట్రియాయేనని, అది అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని తేల్చింది. నేల ఎరిట్రియాది. దాని కోసం ముందుగా ఆయుధం ఎత్తిన తప్పు కూడా ఎరిట్రియాదే. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ యుద్ధం గురించి ఒక్క సరైన వాక్యం రాయలేము. నోట్సులో రెండవ తీర్పు పెద్ద అక్షరాల్లో ఉన్నది. మొదటిది అసలే లేదు. రాసినవారు కావాలని తీసివేశారని నేను అనడం లేదు. ఇథియోపియాను మిత్రదేశంగా చూసే దేశాల పత్రికలు, విధాన పత్రాలు ఏళ్ల తరబడి రాసిన తీరును యథాతథంగా తెలుగులోకి దించుకుంటే జరిగేది ఇదే.

దీని ఫలితం మొదటి మాదిరి పరీక్షలోనే కనిపించింది. ఆ యుద్ధానికి దారి తీసిన కారణాలను, బాధ్యతను చర్చించమని పదిహేను మార్కుల ప్రశ్న ఇచ్చారు. మా అమ్మాయి రెండు తీర్పులనూ ప్రస్తావించింది. 1997 నవంబరులో ఎరిట్రియా నక్ఫా అనే సొంత కరెన్సీ తెచ్చిన తరువాత రెండు దేశాల మధ్య వ్యాపారం ఎలా దెబ్బతిన్నదో రాసింది. ఒకప్పుడు భుజం భుజం కలిపి మెంగిస్తును దించిన రెండు ఉద్యమాల నాయకులు, ఎరిట్రియాలో ఇసాయాస్ అఫెవెర్కి, ఇథియోపియాలో మెలెస్ జెనావి, అధికారంలోకి వచ్చాక ఎలా విడిపోయారో కూడా రాసింది. ఆరు మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో, నోట్సు ప్రకారం రాయాలి అని ఉన్నది. ఇంటికి వచ్చి ఆ కాగితం నా ముందు పెట్టి, "పెద్దబాపూ, తీర్పు వచ్చినంక గూడ ఊరు అవుతలోళ్ల చేతుల్నే ఉంటే, ఆ తీర్పు రాసుడే తప్పైతదా?" అని అడిగింది. పరీక్ష మార్కులు ఎలా ఉన్నా, అంతర్జాతీయ సంబంధాల తరగతిలో అడగవలసిన ప్రశ్న అదేనని ఆమెకు చెప్పాను.

ఆ ప్రశ్నకు జవాబు వెతికితేనే విదేశాంగ విధానాల పక్షపాతం బయటపడుతుంది. తీర్పును మొదట స్వాగతించిన ఇథియోపియా, బద్మె గీతకు ఏ వైపున పడిందో తేలిన తరువాత వెనుకడుగు వేసింది. 2004లో సూత్రప్రాయంగా ఒప్పుకుంటున్నామన్నది కానీ ఊరిని మాత్రం అప్పగించలేదు. హద్దురాళ్లు పాతడానికి వీలు కాక, సరిహద్దు కమిషన్ 2007లో అక్షాంశ రేఖాంశాల జాబితా ఇచ్చి తన పని ముగించింది. ఒప్పందానికి సాక్షులుగా నిలిచిన అమెరికా, యూరోపియన్ యూనియన్ గట్టిగా ఒత్తిడి చేసిన దాఖలాలు లేవు. ఆఫ్రికా దేశాల సమాఖ్య ప్రధాన కార్యాలయమే ఆడిస్ అబాబాలో ఉన్నది. పైగా 2006 చివరలో ఇథియోపియా సేనలు సోమాలియాలోకి వెళ్లి ఇస్లామిక్ కోర్టులనే సాయుధ కూటమి పాలనను పడగొట్టిన తరువాత, ఉగ్రవాద వ్యతిరేక పోరులో ఆ దేశం అమెరికాకు మరింత అవసరమైంది. అదే సమయంలో ఎరిట్రియా ఇథియోపియాను ఇబ్బంది పెట్టడానికి సోమాలియాలోని సాయుధ వర్గాలకు అండగా ఉన్నదన్న ఆరోపణ మీద, జిబౌటితో సరిహద్దు తగాదా మీద, భద్రతా మండలి 2009 డిసెంబరులో 1907 సంఖ్య గల తీర్మానంతో ఆంక్షలు విధించింది. అవి 2018 నవంబరు దాకా కొనసాగాయి. ఎరిట్రియా మీద వచ్చిన ఆరోపణలు తేలికైనవి కావు. అయితే తీర్పును పదహారేళ్లు పక్కన పెట్టినవారి మీద అటువంటి చర్య ఏదీ లేకపోవడాన్ని కూడా విద్యార్థికి చెప్పాలి కదా. కృష్ణా ట్రిబ్యునళ్ల గురించి పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన మన పిల్లలకు, తీర్పు రావడానికీ అది అమలు కావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఇట్టే అర్థమవుతుంది. నోట్సు ఆ అవకాశాన్ని వదిలేసింది.

ఇంత చెప్పాక మరొక మాట చెప్పకపోతే నేనూ అదే తప్పు చేసినవాణ్ణి అవుతాను. ఎరిట్రియాకు జరిగిన అన్యాయాన్ని చూపిస్తూ ఆ ప్రభుత్వాన్ని వెనకేసుకురావడం కుదరదు. 1997లో ఆమోదించిన రాజ్యాంగం ఇంతవరకు అమలుకు నోచుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక జాతీయ ఎన్నికలు జరగలేదు. పద్దెనిమిది నెలలన్న నిర్బంధ జాతీయ సేవ, సరిహద్దు తెగలేదన్న సాకుతో ఎప్పుడు ముగుస్తుందో తెలియని చాకిరీగా మారి, లక్షల మంది యువకులను దేశం విడిచి పారిపోయేలా చేసింది. మాస్టారు ఈ విషయాన్ని నోటితో చాలా బాగా చెప్పారు. అది కూడా నోట్సులో లేదు.

మరో లోటు, పుస్తకం 2019 దగ్గర ఆగిపోవడం. 2018 జులైలో ఇథియోపియా ప్రధాని అబియ్ అహ్మద్ ఎరిట్రియా రాజధాని అస్మారాకు వెళ్లడం, మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకోవడంతో కథ సుఖాంతమైనట్టు ముగించారు. 2020 నవంబరులో ఇథియోపియా ఉత్తరాన ఉన్న టిగ్రే ప్రాంతంలో మొదలైన యుద్ధంలో ఎరిట్రియా సేనలు ఇథియోపియా కేంద్ర ప్రభుత్వం పక్షాన పోరాడడం, ఆ యుద్ధాన్ని ఆపిన 2022 నవంబరు నాటి ప్రిటోరియా ఒప్పందంలో ఎరిట్రియాకు చోటు లేకపోవడం, ఆ తరువాత ఎర్రసముద్రానికి దారి కావాలన్న ఇథియోపియా మాటలతో పాత మిత్రులు మళ్లీ ఎడమొహం పెడమొహం కావడం, 2024 అక్టోబరులో ఈజిప్టు, సోమాలియా, ఎరిట్రియా అధినేతలు అస్మారాలో సమావేశం కావడం, ఇవేవీ లేకుండా ఈ అధ్యాయం చదివినవాడు పరీక్షలో ఏళ్ల వెనుక ఉంటాడు. రెండు సేనల మధ్య ఇరవై ఐదు కిలోమీటర్ల వెడల్పున ఏర్పాటు చేసిన భద్రతా మండలంలో, 2008 దాకా ఉన్న ఐక్యరాజ్యసమితి దళంలో మన భారత సైనికులు కూడా పనిచేశారన్న సంగతికి ఒక్క పంక్తి చోటు ఇవ్వకపోవడం నన్ను బాధించింది.

ఆరవ ఆదివారం భారత–చైనా సరిహద్దు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరులైన ఇరవై మందిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఆ పేరు వచ్చినప్పుడు మాస్టారు కాసేపు ఆగారు, గది మొత్తం నిశ్శబ్దమైంది. తరగతిలో సూర్యాపేట పిల్లలు నలుగురు ఉన్నారు. ఆ పాఠంలో గౌరవం ఉన్నది, చరిత్ర తగ్గింది. అక్సాయ్ చిన్ మీద మన హక్కుకు ఆధారమైన 1865 నాటి జాన్సన్ రేఖ, బ్రిటిష్‌వారు 1899లో చైనా ముందు పెట్టిన మరో రేఖ, 1957 నాటికి చైనా అక్కడ వేసుకున్న రోడ్డు, ఈ మూడింటినీ చెప్పకుండా మన వాదన బలం విద్యార్థికి ఎలా తెలుస్తుంది? ఎదుటివారు ఏ కాగితం చూపుతారో తెలిసినప్పుడే మన కాగితాన్ని గట్టిగా పట్టుకోగలం.

మార్కుల విషయం మాట్లాడడానికి నేను తరగతి అయ్యాక మాస్టారును కలిశాను. ఆయన విసుక్కోలేదు. తీర్పు వివరాలు రాసుకుని, వారం తిరిగేలోపు సరిచూసి, తరువాతి ఆదివారం అందరి ముందూ బోర్డు మీద 2002, 2005 తీర్పులను పక్కపక్కన రాసి పాఠం మళ్లీ చెప్పారు. జవాబుపత్రాలు దిద్దేది వేరొకరని, మార్కులు మార్చడం తన చేతిలో లేదని కూడా అన్నారు. నోట్సు మార్పు గురించి నిర్వాహకులను అడిగితే, పాత ప్రతులు అయిపోయాక చూస్తామన్నారు. ఆ జవాబు మాత్రం నాకు నచ్చలేదు. ఒక్క సవరణ కాగితం జిరాక్స్ తీసి పంచడానికి పట్టే ఖర్చు ఎంత?

గది గాలి వెలుతురుతో ఉన్నది, సమయపాలన బాగుంది, సందేహాలు అడగనిస్తారు. హైదరాబాద్‌కు వెళ్లి హాస్టల్ ఖర్చు భరించలేని పిల్లలకు ఈ ఫీజుకు ఇటువంటి బోధన దొరకడం మేలే కాబట్టి, బోధన కోసం చేరవచ్చు. నోట్సు ఒక్కటే కొనుక్కుని ఇంట్లో చదువుకుందామనుకునేవారికి మాత్రం వద్దనే చెబుతాను. కొత్త బ్యాచ్‌లో చేరేవారు డబ్బు కట్టే ముందు నోట్సు అడిగి తీసుకుని, అరవై మూడవ పేజీ తెరిచి, బద్మె తీర్పు అందులో చేరిందో లేదో చూసుకోవాలి. మా అమ్మాయి తన ప్రతిలో ఆ పేజీ మీద రెండు తీర్పుల వివరాలు రాసిన కాగితాన్ని అతికించుకున్నది. మునుగోడు నుంచి వచ్చే ఇద్దరు స్నేహితురాళ్లు దాన్ని క్లాక్‌టవర్ దగ్గర జిరాక్స్ తీయించుకుని తీసుకెళ్లారు.