నీటి అడుగున క్లియోపాత్ర భవనం: రెండు రాత్రుల ప్రయాణం

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తూర్పు రేవులో క్లియోపాత్ర రాణి కాలం నాటి రాజభవనాలు నిజంగానే సముద్రంలో మునిగి ఉన్నాయి. భూకంపాలు వచ్చి, నేల కుంగి ఆ ఒడ్డు నీళ్లలో కలిసిపోయింది. 1996లో సముద్రగర్భ పురావస్తు పరిశోధకుడు ఫ్రాంక్ గోడియో బృందం అక్కడే, ఒకప్పుడు రాజభవనం ఉన్న ఆంటిరోడోస్ దీవి ఆనవాళ్లు కనుక్కుంది. అక్కడికి వెళ్లాలంటే డైవింగ్ తెలియాలి. నాకు ఈత కూడా రాదు. నేను ఆ భవనంలోకి వెళ్లగలిగింది ఒక గేమ్‌లోనే.

1999లో వచ్చిన ‘టూంబ్ రైడర్: ది లాస్ట్ రివిలేషన్’ని 2025 ఫిబ్రవరిలో కొత్త గ్రాఫిక్స్‌తో మళ్లీ విడుదల చేశారు. ఇందులో నాయిక లారా క్రాఫ్ట్ పొరపాటున సెట్ అనే ఈజిప్టు పురాణ దేవుణ్ణి విడిపిస్తుంది. అతన్ని ఆపాలంటే హోరస్ అనే మరో దేవుడి కవచం ముక్కలు కావాలి. వాటిని వెతుక్కుంటూ అలెగ్జాండ్రియా చేరి, ఒడ్డున ఉన్న శిథిలాలు దాటి, నీళ్లలోకి దూకి ముందు ఐసిస్ దేవత ఆలయానికి, అక్కడి నుంచి క్లియోపాత్ర భవనాలకు వెళ్తాం.

మొదటి రాత్రంతా ఆలయం దగ్గరే గడిచింది. నీళ్లలో లారాకు ఎంత ఊపిరి మిగిలిందో చూపే గీత తగ్గుతుంటే టెన్షన్ మామూలుగా ఉండదు. ఎటు ఈదాలో చెప్పే బాణం గుర్తు లేదు, మ్యాప్ లేదు. తలుపు ఎక్కడుందో మన కళ్లే వెతుక్కోవాలి. ఇక్కడ నాకు బాగా నచ్చినది తాళంచెవితో తిప్పే యాంత్రిక పేడపురుగు. ముళ్లు దాగిన నేల మీద దాన్ని వదిలితే మనకంటే ముందు నడిచి ఆ ముళ్లను బయటపెడుతుంది. ఈజిప్టు వాళ్లు పవిత్రంగా చూసిన పురుగే మనకు దారి చూపడం ఎంత చక్కటి ఆలోచన! ఎన్నిసార్లంటే అన్నిసార్లు వాడడానికి లేదు కాబట్టి తొందరపడి వదలకండి.

భవనంలోకి వచ్చాక ఒక గదిలో గంటసేపు తిరిగాను. తమ్ముడికి ఫోన్ చేస్తే, “అక్కా, ఒక్కసారి పాత గ్రాఫిక్స్‌కి మార్చి చూడు” అన్నాడు. ఒక్క బటన్‌తో మారింది. కొత్త వెలుతురులో నాకు కనబడని మీట పాత బొమ్మలో గోడ మీద స్పష్టంగా ఉంది. అప్పటి నుంచి చూడడానికి కొత్తది, వెతకడానికి పాతది పెట్టుకున్నాను. స్తంభాల మీద రంగులు, నీటి మెరుపు కొత్తదాంట్లోనే బాగున్నాయి. ఆగిపోయి చూడాలనిపిస్తే ఫోటో మోడ్ ఉంది.

బస సంగతి చెప్పాలంటే, ఈ గేమ్‌లో ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. ప్రతి మలుపుకీ వేరే వేరే స్లాట్లలో సేవ్ చేయండి. ఒకే స్లాట్ మీద ఆధారపడితే, తప్పు చోట ఇరుక్కున్నప్పుడు వెనక్కి రావడం కష్టం. కంట్రోల్స్ పాతవి, కొత్తవి అని రెండు రకాలు. నాకు పాతవే నయమనిపించింది. ఎన్ని అడుగులు వెనక్కి వేసి దూకాలో లెక్క సరిగ్గా కుదురుతుంది.

ఇంతలా తిరగడానికి ఓపిక లేనివాళ్లకు ఇదే నగరం మరోలా ఉంది. ‘అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్’ అనే మరో గేమ్‌కి 2018లో చేర్చిన డిస్కవరీ టూర్‌లో పోట్లాటలు లేవు, గైడ్ వివరిస్తూ తీసుకెళ్లే 75 యాత్రలున్నాయి. అక్కడ అలెగ్జాండ్రియా మునగక ముందు, జనంతో కళకళలాడుతూ కనిపిస్తుంది. పిల్లలతో చూడడానికి అదే సరైనది. నేను మాత్రం మునిగిన భవనం చూశాకే అక్కడికి వెళ్లాను. దీపస్తంభం దగ్గర నిలబడి రేవు వైపు చూస్తే, ముందు రాత్రి చీకట్లో తడుముకున్న స్తంభాలు ఆ నీళ్ల కిందే ఉన్నట్టు అనిపించి చాలాసేపు కదల్లేకపోయాను.