ఆరేళ్ళుగా మా ఇంట్లో నలిగిన కెనడా పుస్తకాలు

మేము టొరంటో పక్కనున్న మిసిసాగా వచ్చేటప్పటికి మావాడికి ఐదేళ్ళు, ఇప్పుడు పదకొండు. ఈ ఆరేళ్ళలో కెనడా గురించిన పిల్లల పుస్తకాలు కొన్నవి, లైబ్రరీ నుంచి తెచ్చినవి, ఇళ్ళ ముందు పాత సామాను అమ్ముతుంటే డాలరుకొకటి చొప్పున ఏరుకొచ్చినవి, అన్నీ కలిపి నలభై దాకా చదివి ఉంటాం. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "ఏవి కొనమంటావు" అని అడుగుతుంటారు, ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు నా తప్పు. మొదటి ఏడాది నేను కొన్నవన్నీ అక్షరానికో వింత, పేజీకో విశేషం అన్న రకం. మేపుల్ ఆకు, బీవరు, ఎర్ర కోటు పోలీసు, నయాగరా, హాకీ. బొమ్మలు బ్రహ్మాండంగా ఉంటాయి, రెండు నెలలకి మొహం మొత్తుతుంది. వాటిల్లో ఇక్కడి ఆదివాసులు ఒక్క పేజీలో వస్తారు, అదీ తలమీద ఈకలతోనో, మంచు ఇంటి ముందు నవ్వుతూనో, ఎప్పుడో ఉండి వెళ్ళిపోయిన వాళ్ళలాగా. అసలు మేముంటున్న ఊరి పేరే ఒక జాతి పేరు, ఆ జనం ఇప్పటికీ ఇదే ఒంటారియో రాష్ట్రంలో ఉన్నారు. ఈ ముక్క నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

డాలరుకి తెచ్చిన ఒక పిల్లల అట్లాస్ అయితే ఇంకో కథ. ఉత్తరాన సగం దేశం ఒకటే రంగు, పైన నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అని రాసి ఉంది. నూనావుట్ అనే ప్రాంతం లేనే లేదు, ఎందుకంటే అది అందులోంచి విడిపోయింది 1999 ఏప్రిల్ 1న, ఈ పుస్తకం అంతకు ముందుది. లోపల ఆ ఉత్తరాది మంచు ప్రాంతాల ఆదివాసుల్ని ఇనుయిట్ అనాల్సిన చోటల్లా ఎస్కిమో అనే ఉంది. ఆ మాట ఇప్పుడు ఇక్కడ ఎవరూ అనరు, అంటే బాగోదు కూడా. మావాడే పట్టుకున్నాడు, "అమ్మా, మ్యాపు తప్పు" అని. పాత మ్యాపులో తెలంగాణ కోసం వెతుక్కున్నట్టు కాసేపు వెతికి, చివరికి స్కెచ్ పెన్నుతో మేమే గీత గీసుకున్నాం. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందు అచ్చయిన సంవత్సరం చూడండి.

ఇంక నిలబడినవాటి సంగతి. చిన్నపిల్లలుంటే "ఎ ప్రామిస్ ఈజ్ ఎ ప్రామిస్" తెచ్చుకోండి. 1988 నాటిది, మైకేల్ కుసుగాక్ అనే ఇనుయిట్ కథకుడు, పిల్లల రచయిత రాబర్ట్ మన్ష్ కలిసి రాశారు. సముద్రం మీద గడ్డకట్టిన మంచు పగుళ్ళ కింద కాచుకుని కూర్చుని, పెద్దవాళ్ళు లేకుండా వచ్చిన పిల్లల్ని లాక్కుపోయే కలుపిలుయిట్ అనే నీటి భూతాల కథ. చెరువు గట్టుకెళ్తే బూచోడు పట్టుకుపోతాడని మనల్ని బెదిరించారే, అచ్చం అదే పని. మావాడు వారం రోజులు లైటు తీయనివ్వలేదు. అయినా రోజూ అదే చదవమనేవాడు.

ఆ తర్వాత "వెన్ వి వర్ అలోన్". డేవిడ్ రాబర్ట్‌సన్ రాశాడు, బొమ్మలు జూలీ ఫ్లెట్, 2017లో గవర్నర్ జనరల్ అవార్డు అనే ఇక్కడి పెద్ద సాహిత్య బహుమతి వచ్చింది. పుస్తకం పట్టుమని పది నిమిషాలు పట్టదు. మనవరాలు అడుగుతుంటుంది, నువ్వెందుకు రంగురంగుల బట్టలేసుకుంటావు, జుట్టెందుకు ఇంత పొడుగు పెంచుకుంటావు, మన క్రీ జాతి భాష ఎందుకు మాట్లాడతావు అని. బామ్మ ఒక్కోదానికీ చిన్నప్పుడు రెసిడెన్షియల్ స్కూల్లో ఏం జరిగిందో చెబుతుంది.

మా అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి ఆరు నెలలుంది. ఒకరోజు ఈ పుస్తకం వాడికి తెలుగులో చెప్తుంటే పక్కన చిక్కుళ్ళు ఈనె తీస్తూ వింటోంది. రెసిడెన్షియల్ స్కూలు అనగానే "సీటొచ్చిందా, మంచిదేగా" అంది. తన తప్పేం లేదు, మనకి ఆ మాట అంటే గురుకులం, ఎంట్రెన్స్ రాసి సీటు తెచ్చుకోవడం, మా పెదనాన్న కొడుకు అలాగే చదివి ఇంజినీరయ్యాడు. ఇక్కడ ఆ మాటకి అర్థం పూర్తిగా వేరని చెప్పాల్సొచ్చింది. లక్షన్నర మంది దాకా ఆదివాసీ పిల్లల్ని ఆ బళ్ళలో పెట్టారు, ఎందరినో ఇళ్ళ నుంచి బలవంతంగా ఎత్తుకెళ్ళి. సొంత భాష మాట్లాడితే కొట్టారు. చివరి బడి మూతపడింది 1997లో, అంటే నేను స్కూల్లో ఉన్నప్పుడు. జుట్టు కత్తిరించే పేజీ దగ్గర అమ్మ చిక్కుళ్ళు పక్కన పెట్టేసి, తన జడ ముందుకేసుకుని, "బడికి పంపితే జుట్టెందుకు కోస్తారే?" అంది. ఆ పిల్లలు పొడుగాటి గడ్డిపరకలు తెచ్చి మిగిలిన కురచ జుట్టులో అల్లుకుంటారు. ఆ బొమ్మ చాలాసేపు చూసింది.

నేనేమో తెలివిగా మావాడికి ఆ భాష పేజీ చూపించి "చూశావా, వాళ్ళు దాక్కుని మరీ సొంత భాష మాట్లాడుకున్నారు, నువ్వేమో తెలుగు అంటే పారిపోతావు" అన్నాను. "వాళ్ళని వద్దన్నారు కాబట్టి దాక్కున్నారు, నన్నెవరు వద్దన్నారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇలాంటి పుస్తకాన్ని క్లాసు పీకడానికి వాడకండి.

తొమ్మిదేళ్ళు దాటితే "ఫ్యాటీ లెగ్స్". ఇది మార్గరెట్ పోకియాక్ ఫెంటన్ సొంత చిన్ననాటి కథ. చదువుకోవాలని తనే పట్టుబట్టి ఉత్తరాన మంచు సముద్రంలోని బ్యాంక్స్ దీవి నుంచి ఆక్లావిక్ అనే ఊళ్ళోని అలాంటి బడికే వెళ్తుంది, అక్కడ ఒక నన్ అందరికీ మామూలు మేజోళ్ళిచ్చి ఈమెకు మాత్రం ఎర్రవి ఇచ్చి నవ్వులపాలు చేస్తుంది. వాటిని ఏం చేసిందో చెప్పను. పేజీల అంచున ఆమె సొంత ఆల్బం ఫొటోలుంటాయి, మావాడు కథకన్నా వాటినే ఎక్కువసేపు చూశాడు. "ఐ యామ్ నాట్ ఎ నంబర్" కూడా మంచిదే, 1928లో బడికి తీసుకెళ్ళిన అమ్మాయికి పేరు తీసేసి 759 అని నంబరిచ్చిన కథ, రాసింది ఆమె మనవరాలే, సహరచయిత్రితో కలిసి. ఇది ముందు మీరు ఒక్కరే చదవండి, రాత్రి పడుకోబోయే ముందు పనికొచ్చేది కాదు.

అన్నీ ఏడుపు పుస్తకాలేనా అంటే కాదు. నూనావుట్ రాజధాని ఇకాలూయిట్‌లో ఇన్హాబిట్ మీడియా అని ఇనుయిట్లదే ప్రచురణ సంస్థ ఉంది, ఇంగ్లీషుతో పాటు వాళ్ళ ఇనూక్టిటూట్ భాషలోనూ పుస్తకాలు వేస్తుంది. ఆ లిపి చూసి నాకు మతిపోయింది, సగం మన గుణింతమే! గుడులూ కొమ్ములూ తగిలించరు, అక్షరాన్నే తిప్పేస్తారు. కోణం పైకి చూస్తే పి, కుడికి చూస్తే పు, ఎడమకి చూస్తే ప, దీర్ఘం కావాలంటే పైన చుక్క. తెలుగు గుణింతానికి కడుపునొప్పి తెచ్చుకునే మావాడు ఇది పావుగంటలో పట్టేసి, వాళ్ళ చెల్లి డ్రాయింగ్ పుస్తకం మీద పెద్దగా "పాపి" అని రాసిపెట్టాడు.

నాలుగు సంపుటాల "ఇండిజినస్ పీపుల్స్ అట్లాస్ ఆఫ్ కెనడా" బాగుంటుంది గానీ పెద్దపిల్లలకి, ఖరీదు కూడా, లైబ్రరీలో చూసుకుంటే చాలు.

ఒక్క విషయం గమనించాను, ఆయా జాతులవాళ్ళే రాసినవి, లేదా వాళ్ళతో కలిసి రాసినవి మాత్రమే మావాడు రెండోసారి తీశాడు. మిగతావి డొనేషన్ డబ్బాలోకి పోయాయి. కొనే ముందు వెనక అట్ట మీద రచయిత పరిచయం చదవండి. లైబ్రరీలో అయితే సెప్టెంబరు దాకా ఆగకండి, 30న ఆ రెసిడెన్షియల్ బళ్ళలోని పిల్లల్ని తలుచుకునే ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ డే కాబట్టి టీచర్లూ తల్లిదండ్రులూ అందరూ ఒకేసారి పడతారు, పోయినసారి మేము హోల్డ్ పెట్టి, అంటే ముందుగా అడిగి పెట్టుకున్న పుస్తకం చేతికొచ్చేసరికి నవంబరు అయింది. జూలైలోనే హోల్డ్ పెట్టేసుకోండి.