సముద్రం పక్కన విశాఖ, నది పక్కన బెజవాడ

విశాఖ గొప్పదా, విజయవాడ గొప్పదా అన్న వాదన మా ఇళ్ళల్లో పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఆగదు. అమ్మ తరఫు వాళ్ళంతా బెజవాడ, నాన్న తరఫు వాళ్ళంతా విశాఖ. ఈసారి చలికాలంలో అమ్మానాన్నలను, పిల్లలను తీసుకుని రెండు ఊళ్ళూ వరసగా తిరిగాం. చుట్టాలింట్లో దిగకుండా లాడ్జిలో గది తీసుకుని, టికెట్లు కొనుక్కుని తిరిగితే ఊరి సంగతి బాగా తెలుస్తుంది. నాకు అర్థమైంది ఇదీ: కొండలు, నీళ్ళు రెండు ఊళ్ళకీ దండిగానే ఉన్నాయి. విశాఖ సముద్రానికి ఎదురుగా కూర్చుంది. బెజవాడ మాత్రం కృష్ణకు వీపు పెట్టి కూర్చుంది.

విశాఖలో సాయంత్రం కాలక్షేపానికి పైసా ఖర్చు లేదు. ఆర్కే బీచ్‌కి వెళ్తే చాలు. గోడ మీద కూర్చునే ముసలివాళ్ళు, ఇసుకలో పరుగులు పెట్టే పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు, అందరూ అక్కడే. మురీ మిక్స్చర్ బండి దగ్గర నిలబడి చూస్తే అదొక పని నేర్పు. పెద్ద గిన్నెలో మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, వేయించిన పల్లీలు, కారం వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. వెంటనే తినాలి, ఆలస్యమైతే మెత్తబడిపోతుంది. మా వాడు నీళ్ళలోకి దిగబోతుంటే బండాయనే కేకేశాడు: "అటేపు దిగనీకండి బాబూ, లోపలికి లాగేస్తాది." ఆ మాట వినాల్సిందే. అక్కడి అలలకు చాలామంది ప్రాణాలు పోయాయి. కాళ్ళు తడుపుకోవడం వరకే ఆర్కే బీచ్. ఇంకాస్త నీటి సరదా కావాలంటే రుషికొండకు వెళ్ళాలి. 2020లో దానికి శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అక్కడైనా లైఫ్‌గార్డులు చూపించిన చోటే దిగండి.

బీచ్ రోడ్డు మీదే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నేవీలో చేరి, 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది. మరుసటి ఏడు ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి వంగి, కాలెత్తి దాటాలి. పడకలు చూస్తే మనిషి అటూ ఇటూ దొర్లే వీలే లేదు. నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మాకు అన్నీ వివరంగా చెప్పారు. పిల్లలు ఆయన్ని వదిలితే ఒట్టు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మాత్రం కష్టం, అమ్మ బయటే కూర్చుంది. సోమవారం సెలవు. రోడ్డుకు అవతల టీయూ-142 యుద్ధ విమానం ఉంది, అదీ చూడొచ్చు.

కైలాసగిరి రోప్‌వేలో ఎక్కుతుంటే ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో ఒంపు తిరిగిన తీరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కొండ మీద చెట్లను నేలమట్టం చేసింది. ఇప్పుడు మళ్ళీ పచ్చగా ఉంటే నాన్న చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. భీమిలి దారిలో తొట్లకొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. జనం తక్కువ, గాలి ఎక్కువ. నాకు కైలాసగిరి కన్నా అదే నచ్చింది.

విశాఖతో ఇబ్బందల్లా దూరాలు. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఊరు పొడుగ్గా సాగిపోయింది. గాజువాక ఒక చివర, భీమిలి ఇంకో చివర, సింహాచలం కొండ వెనక ఇంకోవైపు. ఆటో ఖర్చు గది అద్దెతో పోటీ పడుతుంది. రోజంతా తిరగాలంటే కారు మాట్లాడుకోవడమే మేలు. గది విషయంలో ఒక మాట. "సీ వ్యూ" అని మా దగ్గర ఎక్కువ తీసుకున్న హోటల్లో కిటికీలోంచి మెడ బయట పెడితే తప్ప సముద్రం కనబడలేదు. ముందే కిటికీలోంచి తీసిన ఫొటో పంపమని అడగండి.

బెజవాడలో ఈ దూరాల బాధ లేదు. రైల్వే స్టేషన్, బస్టాండ్, దుర్గ గుడి, బ్యారేజీ, బీసెంట్ రోడ్డు, అన్నీ కూతవేటు దూరంలో ఉన్నట్టే. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు గుర్తు పెట్టుకుంటే ఊరు సగం అర్థమైనట్టే. కొండ మీద గుడికి లిఫ్టు ఉంది కాబట్టి అమ్మ హాయిగా దర్శనం చేసుకుంది. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద కరిగే వెన్న గురించి చెప్పాలా! తిండి విషయంలో విశాఖ సముద్రపు చేపలు తప్ప మిగతా అన్నిటా బెజవాడదే పైచేయి అని నా గట్టి నమ్మకం.

మరి నది? నది కోసం వెతుక్కోవాలి. కృష్ణలంక వైపు వరద గోడ అడ్డం. ఆ గోడ కావలసిందే, 2024 సెప్టెంబరు వరదలో అదే ఆ పేటను కాపాడింది. బుడమేరు వాగు పొంగిన సింగ్‌నగర్ వైపు జనం ఎన్ని అవస్థలు పడ్డారో అందరం చూశాం. గుడి కింద ఫ్లైఓవర్, దాని కింద ట్రాఫిక్. "ఒరేయ్, కృష్ణమ్మను చూడాలంటే ఇంత పొగ పీల్చాలా?" అంది అమ్మ. ఊరి మధ్య నుంచి ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ పారుతున్నాయి. ఇన్ని కాలవలున్న ఊళ్ళో గట్ల పొడుగునా నీడలో నడిచే దారి ఉంటే ఎంత బాగుండేది! చాలాచోట్ల చెత్తే కనిపించింది. చూస్తుంటే మనసుకు కష్టమేసింది.

అయినా ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడవండి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. ఎగువన గట్టు దాకా నిండిన నీళ్ళు, ఇంద్రకీలాద్రి నీడ. దిగువన ఇసుక మేటలు, రాళ్ళు, మధ్యలో కొంగలు. రెండు అడుగులు ఇటు వేస్తే ఒక నది, అటు వేస్తే ఇంకో నది. అవతలి ఒడ్డున సీతానగరం దాటి కాస్త దూరం వెళ్తే ఉండవల్లి గుహలు. నాలుగు అంతస్తులుగా తొలిచిన కొండలో పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం ముందు మా పిల్లలు కూడా మాట్లాడకుండా నిలబడ్డారు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, పెద్దవాళ్ళకు చెయ్యి ఆసరా ఇవ్వాలి. భవానీ ద్వీపానికి పున్నమి ఘాట్ నుంచి బోట్లు ఉంటాయి, వరద ఉంటే ఆపేస్తారు. ద్వీపం మీద చెట్ల నీడ బాగుంది, మిగతా హంగులు మామూలే.

బస్టాండ్ దగ్గర గదులు చవక, కానీ రాత్రంతా హారన్ల మోత. లబ్బీపేట, మొగల్రాజపురం వైపు కాస్త ప్రశాంతంగా ఉంటుంది. నది కనిపించే గది కావాలంటే భవానీపురం వైపు టూరిజం వాళ్ళ హరిత బెర్మ్ పార్క్ చూడండి.

పిల్లలతో నాలుగు రోజులు ఆటవిడుపుగా గడపాలంటే నేను విశాఖకే వెళ్తాను. పెద్దవాళ్ళతో గుడి, భోజనం, తక్కువ తిరుగుడు అనుకుంటే బెజవాడ. వైజాగ్‌లో ఎండ కన్నా ఉక్కపోత చంపుతుంది, బెజవాడలో మే నెల ఎండకు మధ్యాహ్నం రోడ్డెక్కలేం. అందుకే రెండూ చలికాలంలో పెట్టుకోండి. దసరాకు బెజవాడ వెళ్ళాలనుకుంటే గది చాలా ముందే బుక్ చేసుకోవాలి. మూలా నక్షత్రం రోజున అయితే క్యూలో నిలబడే ఓపిక ఉంటేనే. రెండు ఊళ్ళ మధ్య రైలు దారి సుమారు 350 కిలోమీటర్లు. పగటిపూట రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన సీటు దొరికితే రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన కూడా చూసినట్టవుతుంది.